రత్నపురం నుండి బిలాస్‌పూర్ వరకు
మధ్యయుగ భారతంలో పట్టణాలు, వర్తకం: అభ్యుదయం, క్షీణత – ఒక అధ్యయనం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారికి, రైల్వే స్ఫురణకు వస్తుంది. తాతల కాలంలో రైల్వే కొలువుకై వెళ్ళి అక్కడి కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ ఆ ఊరిలో ఉన్నాయి. అర్పా నదీ తీరాన ఉన్న ఈ నగరం నేడు ఆగ్నేయ మధ్య రైల్వే మండలానికి ప్రధాన కేంద్రం. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానానికి స్థానం. ఇక్కడికి ఉత్తరంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో రతన్‌పూర్ అనే చిన్న ఊరున్నది. మహామాయ ఆలయం, పాత కోట గోడలు, లెక్కకు మిక్కిలిగా చెరువులు అక్కడ కనిపిస్తాయి. శాసనాలలో రత్నపురంగా పేర్కొనబడిన ఆ ఊరే దాదాపు ఏడు శతాబ్దాలపాటు ఈ ప్రాంతానికంతటికీ రాజధాని. ఆనాడు బిలాస్‌పూర్ జాలరుల పల్లె మాత్రమే. బిలాసా అనే జాలరి వనిత పేరు మీదుగా ఆ పల్లెకు ఈ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు.

రాజధాని గ్రామంగా మారడం, జాలరుల పల్లె మహానగరం కావడం ఎట్లా జరిగింది? ఈ ప్రశ్న చరిత్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించినది కాదు. గ్రామాలకు రుణాలిచ్చే బ్యాంకు అధికారికి, ఆ రుణంతో పంట పండించి సమీప పట్టణంలో అమ్ముకునే రైతుకు కూడా ఇది ముఖ్యమైన ప్రశ్నే. పంట బాగా పండినా, అమ్మే సంత క్షీణిస్తే రుణం తీరదు. సంత ఎందుకు వెలుస్తుంది, ఎందుకు వెలవెలబోతుంది అనే విషయాన్ని మధ్యయుగ చరిత్ర ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పట్టణానికి మూలాధారాలు

పట్టణమంటే కేవలం ఇండ్ల సముదాయం కాదు. అక్కడ నివసించేవారిలో అధికభాగం తమ తిండిగింజలను తాము పండించుకోరు. రాజోద్యోగులు, సైనికులు, చేతిపనివారు, వర్తకులు, పూజారులు, కూలీలు – వీరందరికీ చుట్టుపక్కల గ్రామాల నుండే ధాన్యం రావాలి. కాబట్టి గ్రామాలలో మిగులు పంట ఉండడం పట్టణానికి మొదటి ఆధారం. ఆ మిగులును చేరవేసే మార్గం, వాహనం రెండవ ఆధారం. ఆ మార్గంలో దోపిడీ లేకుండా కాపాడే అధికారం, నిర్ణయమైన సుంకం మూడవ ఆధారం. కొనుగోలుకు, అమ్మకానికి నడుమ ఉండే కాలవ్యవధిని భరించే పెట్టుబడి, అనగా పరపతి, నాలుగవ ఆధారం. ఈ నాలుగింటిలో ఒకటి సడలినపుడు పట్టణం కొంతకాలం ఓర్చుకుంటుంది. రెండు మూడు ఒకేమారు సడలితే నిలువజాలదు.

పట్టణాల తొలి క్షీణత: ఒక వివాదం

ప్రాచీన పట్టణాలలో అనేకం క్రీ.శ. 3వ శతాబ్దం తరువాత క్రమంగా క్షీణించాయని, 10వ శతాబ్దం వరకు ఆ స్థితి కొనసాగిందని ప్రసిద్ధ చరిత్రకారులు ఆర్.ఎస్. శర్మ 1987లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించారు. త్రవ్వకాలలో ఆ కాలపు పొరలు పలుచగా ఉండడం, నాణేలు తక్కువగా దొరకడం, దూరదేశ వర్తకం తగ్గడం, భూదానాల ద్వారా ఆదాయం గ్రామాలకే పరిమితం కావడం ఆయన చూపిన కారణాలలో ముఖ్యమైనవి.

ఈ సిద్ధాంతాన్ని అందరూ అంగీకరించలేదు. పాత పట్టణాలు కొన్ని నశించినా, అదే కాలంలో వేరొక చోట కొత్తవి వెలిశాయని బి.డి. చట్టోపాధ్యాయ మొదలైనవారు వాదించారు. నాణేలు తక్కువగా ఉన్నంత మాత్రాన వర్తకం లేదనరాదని జాన్ డెయెల్ వంటి నాణెశాస్త్రజ్ఞులు చూపారు. ఛత్తీస్‌గఢ్‌లోనే ఇందుకొక ఉదాహరణ ఉన్నది. మహానదీ తీరాన గల సిర్పూర్, ఆనాటి శ్రీపురం, దక్షిణ కోసలాన్ని పాలించిన పాండువంశీయుల రాజధాని. క్షీణకాలంగా చెప్పబడే 7వ శతాబ్దంలోనే మహాశివగుప్త బాలార్జునుని పాలనలో అక్కడ ఇటుకలతో లక్ష్మణాలయం, బౌద్ధ విహారాలు నిర్మించబడ్డాయి. దీనినిబట్టి, దేశమంతటా ఒకే కాలంలో పట్టణాలన్నీ క్షీణించాయని భావించడం కంటే, ప్రాంతానికొక తీరుగా మార్పు జరిగిందని గ్రహించడం సమంజసం. 10, 11 శతాబ్దాల నుండి మాత్రం ఉత్తరాన, దక్షిణాన కూడా పట్టణాలు, సంతలు, వర్తక సంఘాలు తిరిగి బలపడ్డాయన్న విషయంలో భిన్నాభిప్రాయం అంతగా లేదు.

రత్నపురం వెలసిన తీరు

ఆ పునరుజ్జీవన కాలంలోనే రత్నపురం పుట్టింది. జబల్‌పూర్ సమీపంలోని త్రిపురిని ఏలిన కలచురి వంశంలోని ఒక శాఖ సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో దక్షిణ కోసలానికి వచ్చి, తుమ్మాణం రాజధానిగా స్థిరపడింది. కొండల నడుమ ఉన్న తుమ్మాణం రక్షణకు అనువైనదే గాని, వర్తకానికి, వ్యవసాయానికి అంతగా అనుకూలించదు. 11వ శతాబ్దం మధ్యకాలంలో మొదటి రత్నదేవుడు మైదానపు అంచున తన పేరుతో రత్నపురాన్ని నిర్మించి రాజధానిని అక్కడికి మార్చాడు. ఉత్తరాన అడవులు, కొండలు. దక్షిణాన వరి పండే విశాలమైన మైదానం. లక్క, తేనె, కలప, ఏనుగులు ఒకవైపు నుండి, ధాన్యం మరొకవైపు నుండి వచ్చి కలిసే స్థలమది. కొత్త రాజధానులు ఇటువంటి సంధిస్థలాలలో వెలియడం మధ్యయుగంలో తరచుగా కనబడే విషయం.

మొదటి జాజల్లదేవుని క్రీ.శ. 1114 నాటి రత్నపుర శాసనం తనకు కప్పం చెల్లించిన ప్రాంతాల పేర్లను వరుసగా చెబుతుంది. వాటిలో ఆంధ్రం, ఖిమిడి కూడా ఉన్నాయి. ప్రశస్తి వాక్యాలలో అతిశయోక్తి సహజమే అయినా, మహానదికి, కళింగ తీరానికి, ఆంధ్ర దేశానికి నడుమ రాకపోకలు ఉండేవని మాత్రం ఇది సూచిస్తుంది. ఈ వంశపు రాజులు బంగారు, రాగి నాణేలను ముద్రించారు. వీరి బంగారు నాణేల నిధులు బిలాస్‌పూర్ పరిసరాలలో దొరికాయి. సొంత నాణెం ముద్రించే రాజ్యానికి పెద్ద లావాదేవీలు, పన్నుల వసూలు, జీతాల చెల్లింపు ఉన్నాయని అర్థం.

రత్నపురం శ్రేయస్సుకు మరొక మూలం నీరు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో వరికి వానే ఆధారం. వాన తప్పితే చెరువే దిక్కు. రత్నపురంలోను, చుట్టుపక్కలను త్రవ్వించిన చెరువులు నగరానికి త్రాగునీటిని, పొలాలకు సాగునీటిని ఇచ్చాయి. రాజులు, సామంతులు, వర్తకులు చెరువు త్రవ్వించడాన్ని పుణ్యకార్యంగా భావించారు. ఆ పుణ్యకార్యమే ఆర్థిక దృష్టితో చూస్తే దీర్ఘకాలిక పెట్టుబడి.

తెలుగుదేశపు సంతలు, రేవులు

ఇదే కాలంలో తెలుగుదేశంలో కాకతీయుల పాలన సాగింది. ఓరుగల్లు చుట్టూ రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల క్రింద మాగాణి విస్తరించింది. చెరువు కట్టించినవారికి లేదా మరమ్మతు చేయించినవారికి దాని క్రింద సాగయ్యే భూమిలో కొంత భాగాన్ని 'దశబంధం' పేరుతో ఇచ్చే ఏర్పాటు అమలులో ఉండేది. పెట్టుబడి పెట్టినవారికి ఫలితంలోనే వాటా లభించే ఈ పద్ధతి చెరువు నిర్వహణపై వారికి శాశ్వతమైన ఆసక్తిని కల్పించింది. మిగులు పంట పెరిగినకొద్దీ ఓరుగల్లు అంగళ్ళు పెరిగాయి. ధాన్యాలు, నూనెలు, పసుపు, అల్లం, నూలు, సుగంధద్రవ్యాల వంటి సరుకులు ఆ సంతలకు వచ్చేవని సుంకాల శాసనాలవలన తెలుస్తున్నది. వర్తకులు 'నకరము', 'పెక్కండ్రు', 'అయ్యావళి అయినూర్వురు' అనే సంఘాలుగా ఏర్పడి ధరలను, తూనికలను, దానధర్మాలను నియంత్రించుకున్నారు.

సముద్ర వర్తకానికి మోటుపల్లి రేవు కేంద్రం. గాలివానకు చెదరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఈ దురాచారాన్ని మాన్పించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని వర్తకులకు హామీ ఇచ్చింది. ఆ సుంకం ముప్పదింట ఒక వంతు. రాజు ఔదార్యం ఒక్కటే దీనికి కారణమనుకోవడం పొరపాటు. వర్తకునికి లాభం తగ్గినా ఓర్చుకోగలడు గాని, అనిశ్చితిని ఓర్చుకోలేడు. సుంకం నిలకడగా ఉంటే ఓడలు పెరుగుతాయి. ఓడలు పెరిగితే ఖజానా నిండుతుంది. ఈ లెక్క గణపతిదేవునికి తెలుసు. 13వ శతాబ్దం చివరలో మార్కోపోలో 'ముత్ఫిలి' పేరుతో ఈ రాజ్యపు వజ్రాలను, సన్నని వస్త్రాలను ప్రశంసించాడు. కాకతీయ రాజ్యం పతనమైన తరువాత కూడా 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి మోటుపల్లి వర్తకులకు మరల అభయమిచ్చాడు. రాజ్యం మారినపుడు వర్తకులు మొదట కోరినది హామీనే అన్నమాట.

సరుకు నడిచిన దారులు

ఓడలు రేవు వరకే వస్తాయి. దేశమధ్యంలోని ఛత్తీస్‌గఢ్ వంటి ప్రాంతాలకు ఉప్పు రావాలన్నా, అక్కడి ధాన్యం బయటకు పోవాలన్నా బంజారాల ఎద్దులే ఆధారం. బంజారాలు గుంపులు గుంపులుగా, కుటుంబాలతో సహా సంచరించేవారు. వారి గుంపును తాండా అనేవారు. దాని పెద్ద నాయకుడు. తీరప్రాంతపు ఉప్పును ఎద్దులపై మోసుకువచ్చి, తిరుగుప్రయాణంలో ధాన్యం తీసుకుపోవడం వారి వృత్తి. దారిలోని బీళ్ళలో ఎద్దులు మేస్తాయి కనుక రవాణా ఖర్చు తక్కువ, వేగం కూడా తక్కువే. 1632లో పీటర్ ముండీ అనే ఆంగ్ల యాత్రికుడు ఉత్తర భారతంలో ధాన్యం మోస్తున్న 14,000 ఎద్దులున్న తాండాను చూసినట్లు వ్రాశాడు. దీనినిబట్టి రైళ్ళు, లారీలు లేని కాలంలో ధాన్య వర్తకం అల్పమైనదని భావించరాదు. తాండాల బాటలో ఉన్న ఊరు సంతగా ఎదిగేది. బాట తప్పితే ఆ సంత చితికేది.

ఢిల్లీ సుల్తానుల కాలంలో ఉత్తరాన పట్టణాలు మరింత విస్తరించాయి. అల్లాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) తన సైన్యాన్ని తక్కువ జీతంతో పోషించడానికి ఢిల్లీలో ధరలను నిర్ణయించి, ధాన్యం మోసే బంజారాలను యమునా తీరాన స్థిరపరచి, ప్రభుత్వ గిడ్డంగులను నింపించాడు. ఈ కట్టడి ఆయన మరణానంతరం నిలువలేదు. మొగలుల కాలానికి పట్టణాల సంఖ్య ఇంకా పెరిగింది. అక్బరు సామ్రాజ్యంలో 120 పెద్ద నగరాలు, 3,200 కస్బాలు ఉన్నాయని ఆనాటి చరిత్రకారుడు నిజాముద్దీన్ అహ్మద్ లెక్కించాడు. కస్బా అంటే గ్రామానికి, నగరానికి నడుమ ఉండే సంతపట్టణం. నేటి మన మార్కెట్ యార్డులున్న మండల, తాలూకా కేంద్రాలతో దీనిని పోల్చవచ్చు. రైతు నగదుగా పన్ను కట్టవలసి వచ్చినపుడు పంటను ముందుగా అమ్మేది ఈ కస్బాలలోనే.

మధ్యయుగ పరపతి వ్యవస్థ

ఈ వర్తకమంతా చేతిలోని నగదుతో సాగలేదు. శరాఫులు వ్రాసే హుండీ ద్వారా ఒక ఊరిలో ధనం కట్టి, దూరపు ఊరిలో తీసుకునే వీలుండేది. సరుకుకు బీమా చేసే ఆచారం కూడా ఉండేది. దక్షిణాన ఆలయాలు పరపతి కేంద్రాలుగా పనిచేశాయి. విజయనగర కాలంలో తిరుమల ఆలయానికి భక్తులు, రాజోద్యోగులు సమర్పించిన ధనంలో కొంత భాగాన్ని ఆలయ గ్రామాలలో చెరువుల, కాలువల పనులకు వెచ్చించి, పెరిగిన పంట ఆదాయంతో నిత్యనైవేద్యాలను నడిపేవారు. డిపాజిట్టును ఉత్పాదక పెట్టుబడిగా మార్చడమనే సూత్రం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

రైతుకు ప్రభుత్వమే రుణమిచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. 14వ శతాబ్దంలో తీవ్రమైన కరవు వచ్చినపుడు మహమ్మద్ బిన్ తుగ్లక్ బావులకు, విత్తనాలకు, బీడు భూముల సాగుకు 'సోంధర్' పేరుతో పెద్ద ఎత్తున రుణాలిప్పించాడు. ఇందుకై ప్రత్యేకంగా ఒక వ్యవసాయ శాఖను నెలకొల్పాడు. కాని రుణం అందుకున్నవారిలో చాలామంది నిజమైన సాగుదారులు కారు. ఎంపిక చేసిన భూమి సాగుకు పనికివచ్చేది కాదు. ఉద్యోగుల పర్యవేక్షణ కొరవడింది. తత్ఫలితంగా ధనం వృథా అయింది. తరువాత వచ్చిన ఫిరోజ్ షా ఆ బాకీలను రద్దు చేశాడు. మొగలుల కాలపు 'తకావీ' రుణాలు దీనికంటే మెరుగ్గా అమలయ్యాయి. గ్రామపెద్దల ద్వారా ఇచ్చి, పంట చేతికి వచ్చినపుడు వసూలు చేసుకునేవారు. రుణ పథకం సఫలం కావడానికి ధనరాశి కంటే లబ్ధిదారుని ఎంపిక, రుణం కాలపరిమితి, పర్యవేక్షణ ముఖ్యమని ఆరున్నర శతాబ్దాల క్రితమే రుజువైంది.

పట్టణాలు క్షీణించిన విధాలు

మధ్యయుగ పట్టణాల క్షీణతకు ఒకే కారణం లేదు. ప్రధానంగా మూడు విధాలు కనిపిస్తాయి.

మొదటిది, అధికార కేంద్రం నశించడం. 1323లో ఢిల్లీ సైన్యానికి ఓరుగల్లు లొంగిన తరువాత ఆ నగరం పూర్వపు వైభవాన్ని కోల్పోయింది. 1565లో తళ్ళికోట యుద్ధానంతరం విజయనగరం దోపిడీకి గురై పాడుపడింది. రాజాస్థానపు కొనుగోళ్ళపైనే ఆధారపడిన వర్తకులు, చేతిపనివారు వలసపోయారు. గమనార్హమైన విషయమేమంటే, ఓరుగల్లు చుట్టూ ఉన్న చెరువులు, పొలాలు మిగిలాయి. అందువలన ఆ ప్రాంతం తరువాతి కాలంలో తిరిగి లేచింది. రాజాస్థానపు వ్యయమే ముఖ్యమైన ఊతంగా గల విజయనగరం నగరంగా మరల లేవలేదు.

రెండవది, పాలకుని ఇష్టంతో వెలసిన నగరం ఆయన ఇష్టం మారగానే ఖాళీ కావడం. 1571 నుండి అక్బరు నిర్మించిన ఫతేపూర్ సిక్రీని 1585లో విడిచిపెట్టాడు. గొప్ప భవనాలు అట్లాగే నిలిచాయి. కొలువు మాత్రం వెళ్ళిపోయింది.

మూడవది, దారి మారడం, కొనేవారు మారడం. దీనికి మచిలీపట్నం మంచి ఉదాహరణ. గోల్కొండ సుల్తానుల కాలంలో అది బంగాళాఖాతపు తీరంలో ప్రధానమైన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. అక్కడి కలంకారీ అద్దకపు బట్టలు దూరదేశాలకు ఎగుమతి అయ్యేవి. 1687లో గోల్కొండ పతనంతో దానికి ఆశ్రయం పోయింది. ఆంగ్లేయుల వర్తకం క్రమంగా మద్రాసుకు మళ్ళింది. తరువాత విదేశీ మిల్లు బట్టల పోటీతో నేతపని, అద్దకం దెబ్బతిన్నాయి. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నది. ప్రకృతి వైపరీత్యం ఒక్కటే ఆ రేవును ముంచలేదు. అప్పటికే బలహీనమైన ఊరు ఆ దెబ్బనుండి కోలుకోలేకపోయింది.

రత్నపురం క్షీణత

రత్నపురం విషయంలో ఈ కారణాలు ఒకదాని వెంట ఒకటిగా వచ్చాయి. మొగలుల కాలంలో దాని పాలకులు సామంతులుగా కొనసాగారు. 1741లో నాగపూరు భోంస్లేల సేనాని భాస్కరపంత్ దండెత్తి వచ్చి రత్నపురాన్ని లోబరచుకున్నాడు. అయినప్పటికీ బింబాజీ భోంస్లే 1758 నుండి 1787లో మరణించేవరకు రత్నపురంలోనే ఉండి పాలించాడు కాబట్టి పట్టణానికి కొలువు నిలిచింది. ఆయన తరువాతి పాలకులు నాగపూరులోనే ఉండి సుబేదారుల ద్వారా పాలించారు. సుబేదారీ పదవిని ఎక్కువ సొమ్ము వసూలు చేసి చూపినవారికే ఇవ్వడంతో గ్రామాలపై భారం పెరిగింది. పన్ను రూపంలో వచ్చిన సొమ్ము రత్నపురంలో ఖర్చుకాక నాగపూరుకు తరలిపోయింది. 1795లో ఈ మార్గాన ప్రయాణించిన కెప్టెన్ బ్లంట్ రత్నపురాన్ని సుమారు వేయి గుడిసెలున్న చెదురుమదురు గ్రామంగా, వాటిలో చాలా భాగం పాడుపడినవిగా వర్ణించాడు. రాయపూర్ అప్పటికే దానిని మించింది.

1818లో బ్రిటిష్ అధికారి ఆగ్న్యూ ఛత్తీస్‌గఢ్ పరిపాలనా కేంద్రాన్ని రత్నపురం నుండి రాయపూరుకు మార్చాడు. దీనితో అధికారమనే ఆధారం తొలగింది. 1861లో బిలాస్‌పూర్ జిల్లా ఏర్పడి, కచేరీ బిలాస్‌పూర్‌లో వెలసింది. చివరి దెబ్బ రైలుమార్గం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ నాగపూరు నుండి తూర్పుకు వేసిన దారి రత్నపురం మీదుగా కాక, మైదానం మీదుగా బిలాస్‌పూర్ గుండా పోయింది. 1891లో ఆ మార్గం అసన్సోల్ వరకు పూర్తయింది. బిలాస్‌పూర్ నుండి కట్నీ వైపు శాఖ ఏర్పడడంతో ఆ ఊరు కూడలిగా మారింది. వర్తకులు, దలారులు, గిడ్డంగులు స్టేషను పక్కకు చేరాయి. రత్నపురానికి మిగిలినవి ఆలయం, చెరువులు, యాత్రికులు. అవి ఊరిని బ్రతికించాయి గాని, నగరంగా నిలుపలేకపోయాయి.

రైలు తెచ్చిన మేలు, కీడు

రైలు వచ్చిన తరువాత ఛత్తీస్‌గఢ్ వరికి దేశమంతటా గిరాకీ ఏర్పడింది. ధర పెరిగింది. కాని రైతులందరికీ లాభం కలుగలేదు. అమ్ముకోవడానికి మిగులు ఉన్నవారు బాగుపడ్డారు. బాకీల క్రింద కోతకాలంలోనే ధాన్యం ఇచ్చివేసి వానాకాలంలో గింజలు కొనుక్కునేవారు హెచ్చు ధర చెల్లించవలసి వచ్చింది. చెడ్డ కాలానికై గాదెలలో ధాన్యం నిలువచేసే ఆచారం కూడా తగ్గింది. 1896–97, 1899–1900 సంవత్సరాలలో వచ్చిన కరవులలో బిలాస్‌పూర్ జిల్లా ఘోరంగా నష్టపోయింది. రైలు బయటి నుండి ధాన్యం తేగలిగింది గాని, దానిని కొనే శక్తిని పేదలకు ఇవ్వలేకపోయింది. తాండాల నాయకులు, ఎద్దుల యజమానులు జీవనోపాధి కోల్పోయి, కొందరు సేద్యానికి, కొందరు పశువుల వ్యాపారానికి, కొందరు కూలికి మళ్ళారు. వారికి ఆనాడు మారుతున్న వృత్తికై రుణమిచ్చే సంస్థ ఏదీ లేదు. వడ్డీ వ్యాపారి తప్ప గ్రామానికి వేరు గతి లేని ఆ పరిస్థితులలోనే 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

మరొకవైపు రైలు కొత్త బ్రతుకుతెరువులను సృష్టించింది. రాయపూర్–విజయనగరం మార్గం 1930ల ప్రారంభంలో పూర్తయి, 1933లో విశాఖపట్నం రేవు తెరవబడడంతో ఛత్తీస్‌గఢ్‌కు సముద్రం చేరువైంది. జాజల్లదేవుని శాసనంలోని ఆంధ్ర, ఖిమిడి ప్రాంతాల దారి ఎనిమిది వందల ఏండ్ల తరువాత ఇనుప పట్టాలపై మరల తెరుచుకున్నట్లయింది. వానాధారపు సేద్యంతో కుటుంబం గడవని ఉత్తరాంధ్ర పల్లెల నుండి ఎందరో రైల్వే కొలువులకు వెళ్ళారు. వారు ఇంటికి పంపిన జీతపు సొమ్ముతో స్వగ్రామాలలో బాకీలు తీరాయి, భూములు విడిపించబడ్డాయి. పట్టణపు వేతనం గ్రామానికి పరపతిగా మారిన ఉదాహరణలలో ఇది ఒకటి.

గ్రామీణ రుణానికి పాఠాలు

పై చరిత్ర నుండి రుణ వ్యవస్థకు కొన్ని సూత్రాలు లభిస్తున్నాయి.

మొదటిది: హామీగా చూపిన ఆస్తి విలువ, ఆ ఊరి వర్తకం నిలకడపై ఆధారపడి ఉంటుంది. సంత మధ్యలోని కొట్టు నేడు విలువైనదే. ఊరి వెలుపలి నుండి కొత్త రహదారి పడితే ఆ విలువ పదేళ్ళలో సగం కావచ్చు. కాబట్టి దీర్ఘకాలిక రుణం మంజూరు చేసేటపుడు భవనంతోపాటు దారిని కూడా పరిశీలించాలి.

రెండవది: ఒకే ఆధారంపై నిలిచిన ఊరికి, ఒకే పంటపై నిలిచిన గ్రామానికి ప్రమాదం ఎక్కువ. రైల్వే, బొగ్గుగనులపై అధికంగా ఆధారపడిన నేటి బిలాస్‌పూర్‌కు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

మూడవది: కోతకాలంలో అగ్గువకు అమ్ముకోవలసిన అగత్యం తప్పించడమే రైతుకు నిజమైన సహాయం. 2007 నాటి గిడ్డంగుల చట్టం ప్రకారం జారీ అయ్యే రసీదుల హామీపై రుణం పొందే సౌకర్యం ఇందుకు ఉపకరిస్తుంది. దీనిని చిన్న రైతులకు అందుబాటులోకి తేవలసిన బాధ్యత బ్యాంకు శాఖలది.

నాలుగవది: నీటి వనరులపై పెట్టిన పెట్టుబడి రాజ్యాలను మించి నిలుస్తుంది. అయితే చెరువు త్రవ్వడంతో పని ముగియదు. దశబంధం పద్ధతిలోవలె నిర్వహించేవారికి ఫలితంలో వాటా ఉన్నపుడే అది నిలుస్తుంది.

అయిదవది: కొత్త రవాణా, కొత్త యంత్రం వచ్చినపుడు పాత వృత్తివారు నష్టపోతారు. వారు పూర్తిగా చితికిపోకముందే వృత్తి మార్పిడికి రుణం, శిక్షణ అందాలి. చితికిన తరువాత ఇచ్చే రుణం తిండికే సరిపోతుంది.

ముగింపు

రత్నపురం చెరువులలో కొన్నింటి క్రింద నేటికీ పొలాలు సాగవుతున్నాయి. కోటలో రాజులు లేరు, ముద్రణశాలలో నాణేలు లేవు, తాండాల బాట లేదు. నీరు మాత్రం మిగిలింది. అధికారం, మార్గం, గిరాకీ చంచలమైనవి. భూమిలోను, నీటిలోను, మనిషి నేర్పులోను పెట్టిన పెట్టుబడి వాటికంటే స్థిరమైనది. పట్టణాల వైభవాన్ని చూసి రుణమివ్వడం సులభం. ఆ వైభవాన్ని పోషిస్తున్న గ్రామపు శక్తిని గుర్తించి రుణమివ్వడం కష్టమే అయినా, చిరకాలం నిలిచేది అదే.

చర్చకు ప్రశ్నలు

1. మీ శాఖ పరిధిలోని సంతపట్టణానికి ఆధారాలేవి? గత ఇరవై ఏండ్లలో వాటిలో ఏవి బలపడ్డాయి, ఏవి సడలాయి?
2. మోటుపల్లి అభయశాసనంలోని నిర్ణీత సుంకం సూత్రాన్ని నేటి వడ్డీ రేట్లకు, మార్కెట్ రుసుములకు ఎంతవరకు అన్వయించవచ్చు?
3. సోంధర్ రుణాల వైఫల్యానికి, తకావీ రుణాల నిలకడకు గల తేడాలను వివరించండి.
4. రైలు రాకతో బంజారాలకు కలిగిన నష్టానికి సమానమైన మార్పు మీ ప్రాంతంలో నేడు ఏ వృత్తివారికి కలుగుతున్నది? వారికి ఏ విధమైన రుణ పథకం అవసరం?